ఏ షిఫ్టు రాత్రి?
(బొగ్గుగని కార్మికుడి నిద్ర, ఇన్సులిన్: గోదావరిఖనిలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది. ఆయన పేరు పదేపదే తలవవద్దు, ఆయన పట్టించుకున్న విషయం మాట్లాడితే చాలు అంది. ఆయన ఇక్కడి బొగ్గు బావుల్లో పని పంచి చూసుకునే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైనవారు, తానూ ఇన్సులిన్ వేసుకున్నవారు. మస్టర్ పడ్డాక పనులు పంచేటప్పుడు షుగరున్న కార్మికులను పక్కకు పిలిచి, "తమ్మీ, సూది ఏసుకున్నవా? అన్నం తిన్నవా?" అని అడిగేవారట. డయాబెటిస్ వైద్యం చదివినవాళ్లం కూడా మొదట అడగవలసింది ఆ రెండు ప్రశ్నలే. సూదికీ అన్నానికీ మధ్య, అన్నానికీ నిద్రకూ మధ్య ఎన్ని గంటలు గడుస్తున్నాయి, ఆ గంటల్లో మనిషి ఏం చేస్తున్నాడు అన్నదే ఈ రోజు నా విషయం.

మా ఓపీ చీటీల మీద ఇన్సులిన్ ఎలా రాస్తామో మీకు తెలుసు. పొద్దున టిఫిన్‌కు ముందు ఇన్ని యూనిట్లు, రాత్రి భోజనానికి ముందు ఇన్ని యూనిట్లు. రాత్రి తొమ్మిదింటికి తిని, పదింటికి పడుకుని, ఆరింటికి లేచే మనిషిని మనసులో పెట్టుకుని రాసిన చీటీ అది. గోదావరిఖనిలో ఆ మనిషి మూడు వారాల్లో ఒక వారమే అలా ఉంటాడు. పొద్దున ఏడు నుంచి మూడు దాకా ఫస్ట్ షిఫ్టు, మూడు నుంచి పదకొండు దాకా సెకండ్ షిఫ్టు, పదకొండు నుంచి మళ్లీ ఏడు దాకా నైట్ షిఫ్టు. గనిని బట్టి గంట అటూ ఇటూ. వారం తిరిగితే షిఫ్టు మారుతుంది, చీటీ మాత్రం మారదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ బొగ్గుబెల్టులో ఇన్సులిన్ మోతాదు షిఫ్టు చూసి రాయాలి. ఒక్క వరుస కాదు, ఒకే చీటీ మీద మూడు వరుసలు ఉండాలి.

ఎందుకో చెప్పడానికి ముందు, నిద్రలో ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. మనిషి రక్తం మొత్తంలో తిరిగే గ్లూకోజ్ ఎంతో తెలుసా? షుగరు 100 ఉన్నవాడిలో దాదాపు 5 గ్రాములు, అంటే ఒక చెంచా. మెదడు దాన్ని ఆపకుండా వాడుకుంటూ ఉంటుంది. అన్నం లేని ఆ ఏడెనిమిది గంటలూ కాలేయమే గంటకు ఆరేడు గ్రాముల చొప్పున చక్కెర విడుదల చేస్తూ ఆ చెంచాను నింపుతుంది. కాలేయం మరీ ఎక్కువ వదలకుండా ఇన్సులిన్ అదుపు చేస్తుంది. జబ్బు లేనివాడి క్లోమం చక్కెర తగ్గగానే ఇన్సులిన్ ఆపేస్తుంది. సూదితో లోపలికి పోయిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకోలేం. తొమ్మిదింటికి వేసుకున్నది మూడింటికి కూడా తన పని తాను చేస్తూనే ఉంటుంది, మనిషి పడుకున్నాడా పలుగు పట్టుకున్నాడా అని చూడదు.

ఆ పని ఎన్ని గంటలు సాగుతుందన్నది ఇన్సులిన్ రకాన్ని బట్టి ఉంటుంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలి సూది పడింది. ఆనాటి ఇన్సులిన్ కొద్ది గంటలే పనిచేసేది, రాత్రంతా కాపాడలేకపోయేది. డెన్మార్క్‌లో హాగెడార్న్ 1936లో ప్రోటమిన్ కలిపి దాన్ని నెమ్మదింపజేశాడు. 1946 నాటికి ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ వచ్చింది. మన దగ్గర ఎక్కువమంది వాడే 30/70 మిశ్రమంలో 70 వంతులు అదే, తెల్లగా మబ్బుగా కనిపించేది. మిగతా 30 వంతుల రెగ్యులర్ ఇన్సులిన్ రెండు నుంచి నాలుగు గంటల మధ్య బలంగా పనిచేస్తుంది. ఎన్‌పీహెచ్ నాలుగు నుంచి ఎనిమిది, ఒక్కోసారి పది గంటల మధ్య పుంజుకుంటుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. ఇక షిఫ్టులు ఎక్కుదాం.

ఫస్ట్ షిఫ్టు వారం పెద్దగా ఇబ్బంది ఉండదు, ఒక్కటి తప్ప. పొద్దంతా బరువు పని చేసిన కండరం ఖర్చయిన చక్కెర నిల్వను ఆ సాయంత్రం, ఆ రాత్రి కూడా రక్తంలోంచి లాక్కుని నింపుకుంటూనే ఉంటుంది. శ్రమ అయిపోయిన ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత కూడా షుగరు పడిపోవడం వైద్యంలో బాగా తెలిసిన విషయం. బావి పైకప్పుకు దుంగలు ఆనించే పని చేసి మూడింటికి బయటికొచ్చిన సపోర్ట్‌మన్‌కు అర్ధరాత్రి దాటాక చెమటలు పడుతున్నాయంటే కారణం ఆ రాత్రి తిన్నదాంట్లో కాకుండా ఆ పగలు ఎత్తిన దుంగల్లో ఉండవచ్చు. మామూలుగా సర్ఫేస్ మీద పనిచేసేవాడిని ఆ వారం సపోర్టు పనికి పంపితే ఆ రాత్రి మోతాదు గురించి ఆలోచించవలసిందే.

సెకండ్ షిఫ్టు మనిషి పదకొండున్నరకు ఇంటికొస్తాడు. స్నానం చేసి, ఆకలి మీద అన్నం గట్టిగా తిని, అప్పుడే సూది వేసుకుని పన్నెండున్నరకు పడుకుంటాడు. రెగ్యులర్ భాగం రెండు, నాలుగు మధ్య బలంగా ఉంటుంది. ఎన్‌పీహెచ్ తెల్లవారి నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా. ఆయన లేచేది తొమ్మిది, తొమ్మిదిన్నరకు. ఇల్లాలు పిల్లలను బడికి పంపే హడావుడిలో ఉంటుంది, ఆయన్ను లేపదు, అలిసిపోయి పడుకున్నాడు కదా అనుకుంటుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య షుగరు పడిపోయే రాత్రి ఇది.

నైట్ షిఫ్టు దగ్గర కాసేపు ఆగాలి. అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే.

తొమ్మిదింటికి తింటాడు, సూది వేసుకుంటాడు, పదకొండింటికి దిగుతాడు. ఎన్‌పీహెచ్ ఒంటిగంట నుంచి అయిదు దాకా బలంగా ఉంటుంది, అదే వేళకు ఆయన బొగ్గు తవ్వే ఫేస్ దగ్గర పనిలో ఉంటాడు. షుగరు తగ్గితే మొదట తెలిసేది చెమట, వణుకు, గుండెదడ. బావి లోపల చెమట ఎవరికి పట్టదు? వేడికి, ఉక్కకు, పనికి పట్టిన చెమటకూ షుగరు తగ్గి పట్టిన చెమటకూ తేడా ఆయనకే తెలియదు. మాట తడబడితే, అడుగు తప్పితే, పక్కవాడు నిద్రమత్తు అనుకుంటాడు. సెల్‌ఫోను లోపలికి పోనివ్వరు. గ్యాస్ ఉండే బావిలో బ్యాటరీ వస్తువు అనుమతి లేకుండా వాడకూడదు కాబట్టి గ్లూకోమీటరు, సెన్సరు అక్కడ పనికిరావు. అంటే చూసుకోవలసింది ల్యాంప్‌రూమ్‌కు పోకముందే. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకు ఒక నియమం చెబుతారు: స్టీరింగ్ పట్టుకునేముందు షుగరు కనీసం వాళ్ల లెక్కలో 5, మన లెక్కలో 90 ఉండాలి. ఓపెన్‌కాస్టులో వంద టన్నుల డంపర్ నడిపేవాడికి, లోపల యంత్రం మీద కూర్చునేవాడికి అంతకు తక్కువ నియమం పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంతా చేసి ఆయన ఏడింటికి క్షేమంగా పైకొస్తాడు. ఇక్కడే చాలామంది గమనించని రెండో ముప్పు ఉంది. రోజు మొత్తం మోతాదులో మూడింట రెండు వంతులు పొద్దున, ఒక వంతు రాత్రి వేయడం మన పాత అలవాటు. పొద్దంతా తిరుగుతాడు, రెండు పూటలు తింటాడు అన్న లెక్క మీద పెట్టిన వాటా అది. నైట్ షిఫ్టు మనిషి ఇంటికొచ్చి, ఇడ్లీయో ఉప్మాయో తిని, చీటీలో ఉన్నట్టే ఆ పెద్ద మోతాదు వేసుకుని, తలుపులు మూసి, ఫ్యాన్ పెట్టుకుని పడుకుంటాడు. మధ్యాహ్నం భోజనం చేయడు, రెండింటికో మూడింటికో లేస్తాడు. పెద్ద సూదితో, అన్నం లేకుండా, నిద్రలో. అర్ధరాత్రి షుగరు పడిపోతుందేమోనని భయపడే కుటుంబం పట్టపగలు పన్నెండింటికి పక్కగదిలో ఏం జరుగుతోందో చూడదు. నైట్ షిఫ్టు వారం పొద్దుటి మోతాదు ఎంత ఉండాలి, పడుకునేముందు ఏం తినాలి, ఒంటిగంటకు లేపి గ్లాసెడు పాలు తాగించాలా అన్నవి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్నలు. దయచేసి ఎవరూ ఈ ఉపన్యాసం విని సొంతంగా యూనిట్లు తగ్గించుకోవద్దు. పూర్తిగా మానేస్తే వచ్చే కీటోఅసిడోసిస్ కూడా ప్రాణం తీసేదే. 24 గంటలూ దాదాపు సమంగా పనిచేసే గ్లార్జిన్ వంటి ఇన్సులిన్‌ను రోజూ ఒకే గడియారపు వేళకు వేసి, తిన్నప్పుడే చిన్న సూది వేసే పద్ధతి షిఫ్టులు మారేవాళ్లకు బాగా కుదురుతుంది. అది వీలుకాని వాళ్లకు 30/70తోనే షిఫ్టువారీగా లెక్క కట్టవచ్చు, కాస్త ఓపిక కావాలి.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి. "ఫాస్టింగ్‌కు పొద్దున రండి" అంటాం. నైట్ షిఫ్టు నుంచి నేరుగా లైన్‌లో నిలబడ్డ మనిషి రెండింటికి సద్ది తిని, అయిదింటికి చాయ్ తాగి వచ్చాడు. ఆ రిపోర్టు మీద 180 అని వస్తే "రాత్రి మోతాదు పెంచండి" అని రాస్తాం. చేయి పట్టి రక్తం తీసేవాళ్లు ఒక్క మాట అడగాలి: నిన్న ఏ షిఫ్టు?

ఇంట్లో పడుకున్నవాడికి పొద్దున షుగరు ఎక్కువ రావడానికి మూడు కారణాలు ఉండవచ్చు, మూడింటికీ మందు వేరు. రాత్రి ఆలస్యంగా తిన్న అన్నం ఒకటి. రాత్రి గ్రోత్ హార్మోన్, తెల్లవారుజామున కార్టిసాల్ పెరిగి కాలేయం చక్కెర ఎక్కువ వదలడం రెండోది. 1980లలో దీన్ని బాగా అధ్యయనం చేశారు. మూడోది, అర్ధరాత్రి షుగరు పడిపోయి ఒళ్లు తిరగబడి పెంచుకోవడం. సెయింట్ లూయీలో పనిచేసిన సొమోజీ 1938లో చెప్పిన మాట ఇది. మూడోదాని గురించి మన ఊళ్లలో చాలా నమ్మకం ఉంది. రాత్రంతా కొలిచే సెన్సర్లు వచ్చాక తేలింది వేరు: రాత్రి పడిపోయినవాళ్లలో ఎక్కువమందికి పొద్దున కూడా తక్కువే ఉంటుంది. కనుక ఊహించి లాభం లేదు. ఒక వారంలో రెండు మూడు రాత్రులు మూడింటికి లేచి కొలవాలి. మూడింటికి తక్కువుంటే మోతాదు తగ్గాలి. మూడింటికి బాగుండి ఆరింటికి పెరిగితే తెల్లవారు పెరుగుదల. మొదటినుంచీ ఎక్కువే ఉంటే భోజనం చూడాలి, సూది పొడిచే చోటు చూడాలి. ఏళ్ల తరబడి బొడ్డు పక్కన ఒకే చోట పొడిచి గడ్డకట్టిన కొవ్వులోకి మందు వేస్తే అది ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. షిఫ్టు మారేవాడికి ఇంకో చిక్కు ఉంది. కార్టిసాల్ చాలావరకు గడియారాన్నే పాటిస్తుంది, గ్రోత్ హార్మోన్ నిద్రను పాటిస్తుంది. మనలో ఒకే రాత్రిలో జరిగే ఆ రెండూ నైట్ షిఫ్టువాడిలో విడిపోతాయి. అందుకే ఒక షిఫ్టులో కొలిచిన అంకెలు ఇంకో షిఫ్టుకు పనికిరావు.

నిద్రలో ప్రమాదం ఎందుకు ఎక్కువ? అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 రోగులతో జరిగి 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ పరిశోధనలో తీవ్రంగా షుగరు పడిపోయిన సందర్భాల్లో సగానికి పైగా, దాదాపు 55 శాతం, నిద్రలోనే జరిగాయి. మెలకువలో షుగరు తగ్గితే అడ్రినలిన్ తన్నుకొచ్చి మనల్ని లేపుతుంది. గాఢనిద్రలో ఆ అడ్రినలిన్ స్పందన మొద్దుబారుతుందని 1998లో ప్రయోగాల్లో చూపారు. మాటిమాటికీ తగ్గుతూ ఉంటే మెలకువలో కూడా గుర్తులు తెలియకుండా పోతాయి. ఊరటేమిటంటే, రెండు మూడు వారాలు అసలు తగ్గకుండా జాగ్రత్తపడితే ఆ గుర్తులు చాలావరకు తిరిగి వస్తాయి. షుగరు కొంచెం ఎక్కువుండనిచ్చినా సరే, ముందు ఆ పని చేయాలి. రిటైరై కిడ్నీ బలహీనపడ్డ పెద్దవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పదేళ్లు సరిపోయిన మోతాదే ఇప్పుడు ఎక్కువవుతుంది.

ఇక చెప్పక తప్పని మాట, మందు. బొగ్గుబెల్టులో డ్యూటీ దిగాక కల్లు, సారా, విస్కీ ఉన్నాయన్నది దాచేది కాదు. ఆల్కహాలును విరిచే పనిలో పడిన కాలేయం కొత్త చక్కెర తయారుచేయలేదు. రాత్రి తాగినవాడికి షుగరు పడేది మర్నాడు పొద్దున. తాగిన వాసనొస్తున్నవాడు మత్తుగా పడి ఉంటే ఎవరూ షుగరు అనుకోరు, "తాగి పడిపోయిండు" అని దుప్పటి కప్పి వదిలేస్తారు. ఇన్సులిన్ వాడే మనిషి అలా పడి ఉంటే, తాగినా తాగకపోయినా, మొదట వేలు పొడిచి చూడాలి. మీటరు లేకపోతే షుగరు తగ్గిందనే అనుకుని చూడాలి.

ఇలా కనిపెట్టుకుని ఉండటం ఎక్కువగా ఆడవాళ్ల మీద పడే బాధ్యత. పవర్‌హౌస్ కాలనీలోనో ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనో క్వార్టర్లలో రాత్రి మెలకువగా ఉండేది వాళ్లే. ఒళ్లు చల్లగా తడిసిపోవడం, ఎన్నడూ లేని గురక, పలవరింత, పిచ్చికోపం, పొద్దున తలనొప్పి, పక్క తడిచి ఉండటం: ఇవన్నీ గుర్తులే. మింగగలిగితే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ కొలవాలి, ఇంకా 70కి తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి, ఆ తర్వాత అన్నమో రొట్టెనో పెట్టాలి. చాక్లెట్, బిస్కెట్ మొదట పనికిరావు, కొవ్వు వల్ల ఆలస్యంగా ఎక్కుతాయి. వోగ్లిబోస్, అకార్బోస్ బిళ్లలు కూడా వాడుతున్నవాళ్లకు ఇంట్లో చక్కెర గాని బెల్లం గాని త్వరగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఈ మాట చాలా ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. స్పృహ లేనివాడి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరిగించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఎండ సంగతి ఈ ఊరివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రామగుండం వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది 25, 30 డిగ్రీల లోపు నెలరోజులు ఆగుతుంది. టిఫిన్ డబ్బా పక్కన సంచిలో పెట్టి బావి మీద షెడ్డులో వదిలేస్తే ఆగదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండ నిజంగానే పనిచేస్తుందని వేడి దేశాల్లో కొలిచి చూశారు. మన రంజన్ అంతకంటే తక్కువేమీ కాదు, సీసా నీళ్లలో మునగకుండా చూసుకుంటే చాలు. పాడైన ఇన్సులిన్ వల్ల షుగరు పెరుగుతుంది. దానికి మోతాదు పెంచి, తర్వాత కొత్త సీసా తెరిచిన రాత్రి అదే పెద్ద మోతాదు వేసుకుంటే పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొత్త సీసా తెరిచిన మొదటి రెండు రాత్రులూ మూడింటి కొలత తప్పకూడదు.

ఇన్ని తెలిసినా చాలామంది కార్మికులు సూది సంగతి బావి మీద చెప్పరు. కంపెనీ అప్పుడప్పుడూ చేసే వైద్య పరీక్షలో (పీఎంఈలో) అన్‌ఫిట్ అంటారేమో, సర్ఫేస్‌కు వేస్తే అండర్‌గ్రౌండ్ అలవెన్సు పోతుందేమో, మెడికల్ బోర్డు దాకా పోతుందేమో అన్న భయం. ఆ భయం అర్థం లేనిది కాదు, దాని వెనక పిల్లల చదువులున్నాయి. ఇన్సులిన్ వాడేవాళ్లందరినీ నైట్ షిఫ్టు నుంచి తీసేయాలన్న వాదన నేను ఒప్పుకోను. అలా చేస్తే జబ్బు దాచుకునేవాళ్లు పెరుగుతారు, లోపల ఇంకా ఒంటరివాళ్లవుతారు. మూడు నెలల్లో ఒక్కసారైనా ఇంకొకరి సాయం కావలసినంతగా షుగరు పడినవాడిని, గుర్తులు తెలియనివాడిని మాత్రం ఒంటరి పని నుంచి, యంత్రం మీది నుంచి తప్పించాలి. అదీ గుర్తులు తిరిగి వచ్చేదాకానే, వేతనం తగ్గకుండా. మిగతావాళ్ల విషయంలో ఓవర్‌మన్‌కు, జోడీ పనివాడికి తెలిస్తే చాలు.

ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. అప్పటినుంచీ ఈ బెల్టులో వైద్యం ప్రధానంగా గాయాలకు, ఊపిరితిత్తులకు అలవాటుపడింది, అది న్యాయమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల 10 లక్షలు. వాళ్లలో షిఫ్టులు మారుతూ ఇన్సులిన్ వాడేవాళ్ల నిద్ర ఎలా ఉంటుందో చూడటానికి గోదావరిఖని కంటే తగిన ఊరు తక్కువ. 2022లో రామగుండంలో ఇక్కడి బొగ్గు సంస్థ సింగరేణి పేరిట మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ చదివే పిల్లలు ఈ కాలనీల్లోనే ఇళ్లిళ్లకూ తిరిగి ఫస్ట్ షిఫ్టు రాత్రి మూడింటివి, సెకండ్ షిఫ్టు పొద్దున ఎనిమిదింటివి, నైట్ షిఫ్టు పగలు ఒంటిగంటవి షుగరు కొలతలు రాసుకొస్తే, ఏ పుస్తకంలోనూ లేని లెక్క మనకు దొరుకుతుంది.

అంతవరకు చీటీ సంగతి. నా మాట విని రేపు డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు ఓపీ చీటీ వెనకవైపు మూడు గీతలు గీసుకుని పొండి. ఫస్ట్, సెకండ్, నైట్ అని రాసి, ఒక్కోదాని కింద ఎప్పుడు తింటారో, ఎప్పుడు పడుకుంటారో, ఎప్పుడు లేస్తారో, ఆ వారం పని ఎంత బరువో రాయండి. ప్లే డే (వారపు సెలవు రోజు) డ్యూటీ ఉంటే అదీ రాయండి. ఆ మూడు వరుసల కిందా మోతాదు వేరువేరుగా రాసి ఇవ్వమని అడగండి. ఆరోజు డాక్టరుకు తీరిక లేదంటే ఇంకో రోజు పొండి, రాయించుకునే రండి.